వరిగడ్డి గుళికలతో గొర్రెపిల్లల పెంపకం: పద్మనాభం డైరీ

జనవరి చివరి వారం

మా పద్మనాభం, ఆనందపురం వైపు గొర్రెలు ఎక్కువగా కార్తీకం నుంచి సంక్రాంతి లోపు ఈనుతాయి. అప్పుడు చెరువు గట్ల మీద, కోసిన పొలాల్లో పచ్చిక ఉంటుంది కాబట్టి తల్లులకు పాలు బాగానే వస్తాయి. కష్టం పిల్లలు మూడు నెలలకు పాలు మానేటప్పుడు మొదలవుతుంది. అప్పటికి మార్చి, ఏప్రిల్ వచ్చేస్తాయి. గోస్తని ఒడ్డున తప్ప పచ్చదనం కనిపించదు. సరిగ్గా ఎముక, కండ పెరగాల్సిన వయసులో పిల్లకు మేత దొరకదు. వానలు పడ్డాక ఎంత మేసినా ఆ పోయిన రెండు నెలల ఎదుగుదల పూర్తిగా తిరిగి రాదు. తొమ్మిది నెలలకు అమ్ముడుపోవాల్సిన పొట్టేలు ఏడాది దాటినా దొడ్డిలోనే ఉంటుంది.

ఇదే సమయంలో కళ్లాల్లో వరిగడ్డి కుప్పలు వేసి ఉంటాయి. పాడి ఉన్నవాళ్లు తమకు కావలసింది ఉంచుకుంటారు. మిగిలినది అమ్మితే బండి కిరాయి కూడా గిట్టదు, ఎందుకంటే విడిగడ్డి బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. ఒక ఘనపు మీటరు విడిగడ్డి 50 కిలోలు అటూ ఇటూ తూగుతుంది. దాన్నే దాణాతో కలిపి గుళికలు కడితే అదే చోటులో 500 కిలోలకు పైగా పడుతుంది.

ఆ గుళికలను గొర్రెపిల్లలకు పెట్టి చూద్దామని ఊళ్లో గొర్రెలు కాసే తాతకు చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "గొర్రి వరిగడ్డి తింతాదేటి బాబూ? ఆవుకి గడ్డి, గొర్రికి పచ్చిక. మా తాతల కాలం నుంచీ అంతే కదా."

ఆయన మాటలో చాలా నిజం ఉంది. గొర్రె మూతి సన్నం, పెదవులు చురుకు. ఆకు ఏరుకుంటుంది, కాడ వదిలేస్తుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతమే. సిలికా చాలా ఎక్కువ, పైన మైనపు పొర. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందకుండా చేస్తాయి. ఇలాంటి గడ్డిని గుళిక చేసినంత మాత్రాన అది బలమైన మేత అయిపోదు. గుళిక వల్ల జరిగేది ఒక్కటే, గొర్రెపిల్ల ఏరుకోలేదు. గడ్డి, వేరుశనగ చెక్క, తవుడు, లవణాలు అన్నీ ప్రతి నోటికీ ఒకే పాళ్లలో వెళ్తాయి. ఆ ఒక్కదాని వల్ల ఎంత తేడా వస్తుందో కొలిచి చూడాలన్నదే ఈ ప్రాజెక్టు.

ఫిబ్రవరి

మిషను సంగతి తేలింది. ఆనందపురం వైపు కోళ్ల ఫారం నడిపే మిత్రుడి దగ్గర 10 హెచ్‌పీ మోటారుతో ఫ్లాట్ డై గుళికల మిషను ఉంది. డై అంటే గుళికలు దిగే రంధ్రాలున్న ఉక్కు పళ్లెం. కోళ్ల దాణాకు సన్న రంధ్రాల డై వాడతారు. గొర్రెలకు 8 మిల్లీమీటర్ల డై కావాలి, అది విడిగా కొన్నాం. గడ్డిని ముందు చాఫ్ కట్టర్‌లో ముక్కలు చేసి తర్వాత హ్యామర్ మిల్లులో వేయాలి.

డైలో జరిగే పని తెలిస్తే సగం ఇబ్బందులు ముందే తప్పుతాయి. రోలర్లు పిండిని రంధ్రాల్లోకి నొక్కినప్పుడు రాపిడికి వేడి పుడుతుంది. ఆ వేడికి, తేమకు మొక్కజొన్నలోని పిండిపదార్థం జిగురుగా మారుతుంది. గడ్డికి గట్టిదనమిచ్చే లిగ్నిన్ కూడా కొంత మెత్తబడి పట్టు ఇస్తుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో డైలోకి వెళ్లే ముందే ఆవిరి పట్టిస్తారు. మా దగ్గర బాయిలర్ లేదు కాబట్టి వేడి నీళ్లలో బెల్లం కరిగించి చల్లుతున్నాం. చక్కెర ఫ్యాక్టరీల్లో మిగిలే మడ్డి, మొలాసిస్, దొరికితే చవకే, కానీ దాని అమ్మకం మీద ఎక్సైజు నిబంధనలు ఉన్నాయి, చిన్నవాళ్లకు తేలిగ్గా దొరకదు. అనకాపల్లి బెల్లం మార్కెట్ దగ్గరే కదా, తేమకు కరిగి రంగు మారిన దిమ్మలు తక్కువ ధరకు వచ్చాయి. వాటిలో బూజు పట్టినవి లేకుండా ఏరుకున్నాం.

కలిపిన పిండిలో తేమ 15 శాతం దగ్గర ఉంటే గుళిక బాగా దిగుతోంది. తక్కువైతే పొడిపొడిగా రాలిపోతుంది, డై కాలిపోయేంత వేడెక్కుతుంది. ఎక్కువైతే రోలరు జారుతుంది, మెత్తటి ముద్ద బయటికి వస్తుంది. పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కి వదిలితే ముద్ద నిలిచి, వేలితో తాకగానే విడిపోవాలి. అదే మా కొలత.

వట్టి వరిగడ్డి మాత్రం డైకి శత్రువు. సిలికా ఇసుక కాగితంలా ఉక్కును అరగదీస్తుంది. అందుకే మిత్రుడితో ముందే ఒప్పందం చేసుకున్నాం, డై, రోలర్ల అరుగుదల ఖర్చు మాదే అని. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఆ లెక్క మొదటి రోజే రాసుకోవాలి. కరెంటు బిల్లు అందరికీ గుర్తుంటుంది, డై ధర గుర్తుండదు.

మార్చి రెండో వారం

వరి కోశాక చల్లిన మినుములు నూర్పిళ్లు అయ్యాయి. నేను ఎదురుచూస్తున్నది దీనికోసమే. మినుము నూర్చగా మిగిలిన కట్టె, ఆకు, పొట్టులో మాంసకృత్తులు వరిగడ్డికి రెట్టింపు కంటే ఎక్కువ. గొర్రెలు ఇష్టంగా తింటాయి కూడా. వరిగడ్డి ఒక్కదానితోనే సరిపెట్టుకుంటే చెక్క ఎక్కువ వేయాలి. అప్పుడు ఖర్చు చెయ్యి దాటిపోతుంది.

గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్న మా మేనల్లుడు శని, ఆదివారాలు వచ్చి కూర్చున్నాడు. ఇద్దరం కలిసి వేసుకున్న పాళ్లు, 100 కిలోలకు ఇలా: వరిగడ్డి 25, మినుము పొట్టు 20, మొక్కజొన్న 15, నూనె తీసిన తవుడు 15, వేరుశనగ చెక్క 16, బెల్లం 5, ఖనిజ లవణ మిశ్రమం 2, కాల్సైట్ (కాల్షియం ఇచ్చే రాతి) పొడి 1, ఉప్పు 1. లెక్క కడితే మాంసకృత్తులు 12 శాతం పైన, 13 లోపు వస్తాయి. ఎదిగే పిల్లకు, పొద్దున్న కాస్త మేసి వచ్చే పిల్లకు, ఇది సరిపోతుంది.

ఖనిజ మిశ్రమం సంచి కొన్నప్పుడు వాడు లేబులు చదివి వెనక్కి ఇచ్చేయమన్నాడు. "మావయ్యా, ఇది ఆవులకు, గేదెలకు. రాగి ఎక్కువ ఉంది. గొర్రె కాలేయం రాగిని బయటికి పంపలేదు, పోగేసుకుంటుంది. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా కామెర్లు వచ్చి పడిపోతుంది." గొర్రెలకని విడిగా తయారుచేసిన మిశ్రమం తెచ్చాం. ఈ ఒక్క విషయం మా చుట్టుపక్కల దాణా అమ్మే దుకాణాల్లో కూడా అందరికీ తెలియాలని నా కోరిక.

కాల్సైట్ వేయడానికీ కారణం ఉంది. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఆ తూకం తప్పితే పొట్టేలు పిల్లలకు మూత్రనాళంలో రాళ్లు కడతాయి. కాల్షియం భాస్వరానికి రెట్టింపు ఉండేలా చూసుకోవాలి. ఉప్పు వేస్తే నీళ్లు ఎక్కువ తాగుతాయి, అది కూడా రాళ్లు కట్టకుండా కాపాడుతుంది.

యూరియా గురించి చాలామంది అడిగారు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 3 వారాలు కప్పి ఉంచితే గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. పెద్ద పశువులకు మంచి పద్ధతే. ఇప్పుడే పాలు మానిన పిల్లల పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు ఇంకా పూర్తిగా కుదురుకోవు. వాటి దాణాలో యూరియా వద్దనే నిర్ణయించుకున్నాం. చెక్క ఖర్చు భరిద్దాం అనుకున్నాం.

మార్చి చివర

గుళికలు దిగాయి. డైలోంచి వచ్చినప్పుడు చెయ్యి పెట్టలేనంత వేడి. వేడి మీద సంచికెత్తితే లోపల చెమట పట్టి మూడో రోజుకే బూజు. మన విశాఖ సముద్రపు గాలిలో తేమ తెల్లవారుజామున మరీ ఎక్కువ. అందుకని పొద్దెక్కాక మాత్రమే మిషను నడిపి, టార్పాలిన్ మీద పలచగా పరిచి ఫ్యాను గాలికి ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే సంచులకు ఎత్తుతున్నాం. సంచులు నేల మీద కాకుండా చెక్కబల్లల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టాం.

ఆరిందో లేదో చూడటానికి ఒక చవకైన పద్ధతి ఉంది. పొడి గాజు సీసాలో కొన్ని గుళికలు నలిపి, బాగా ఎండిన ఉప్పు కలిపి, మూత పెట్టి కాసేపు ఊపాలి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు. అంటుకోకపోతే నిల్వకు పనికొస్తుంది. ధాన్యానికి పనికొచ్చే ఈ చిట్కా గుళికలకూ పనికొచ్చింది.

తాత మందలోంచి 20 పిల్లలను తీసుకున్నాం, నెల్లూరు జాతి పోలికలున్నవి. బరువు సగటున 12 కిలోల పైన. గుంపులు చేయకముందే అన్నిటికీ నట్టల మందు పోయించాం. లేకపోతే మనం పెట్టే దాణా నట్టలకు పెట్టినట్టే. చిటుక రోగం టీకా వేయించాం. బలమైన దాణా ఒక్కసారిగా దొరికినప్పుడు ఆ రోగపు సూక్ష్మజీవులు పేగుల్లో విజృంభిస్తాయి. బాగా తిని బలంగా ఉన్న పిల్లే ముందు పోతుంది. అందుకే దాణా మొదలుపెట్టే ముందు ఈ టీకా తప్పనిసరి.

ఏప్రిల్

పిల్లలను 10 చొప్పున రెండు గుంపులు చేశాం. బరువులు, ఆడా మగా, కవలలు ఒంటివి రెండింటిలో సమానంగా పడేలా పంచాం. రెండింటికీ ఒకే పాళ్ల దాణా. ఒక గుంపుకు గుళికలు, ఇంకో గుంపుకు అదే దాణా గుండగా, అంటే గుళిక కట్టకుండా పొడిగానే. పొద్దున్న చల్లపూట మేత, ఎండెక్కే ముందు పాకలోకి, అక్కడ తలకు 450 గ్రాముల దాణా. తాత మందలోనే మిగిలిన ఈడు పిల్లలు మామూలుగా మేసి వస్తున్నాయి, వాటి బరువులూ తూస్తున్నాం.

దాణా ఒక్కరోజులో 450 గ్రాములకు తీసుకెళ్లలేదు. 100 గ్రాములతో మొదలుపెట్టి వారం పైగా పెంచుకుంటూ వచ్చాం. తూకం వేలాడే కాటాతో, తెల్లవారుజామున, మేతకూ నీళ్లకూ ముందే. కడుపు నిండాక తూస్తే కిలో దాకా తేడా వస్తుంది, ఆ అంకె దేనికీ పనికిరాదు.

మొదటి వారం గుళికల తొట్టి దగ్గర పిల్లలు మూతి పెట్టి వాసన చూసి వెళ్లిపోయాయి. తాత చెయ్యి తిరిగినవాడి పని చేశాడు. రావి ఆకులు తుంచి గుళికల మీద చల్లాడు. ఆకు కోసం మూతి పెట్టిన పిల్ల రెండు గుళికలు నమిలింది. ఒకటి తింటే చాలు, మిగిలినవి ఎగబడ్డాయి. గొర్రె ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటుందన్నది పాఠంలో చదువుకున్నదే అయినా, కళ్లతో చూస్తుంటే చాలా సంతోషమేసింది.

గుండ గుంపులో వేరే కథ. తొట్టిలో దాణా పడగానే మూతితో కలియబెట్టి చెక్క, మొక్కజొన్న నూక నాకేస్తున్నాయి. అడుగున గడ్డి ముక్కలు మిగులుతున్నాయి. సాయంత్రం తొట్లు దులిపి తూస్తే తలకు 70 గ్రాముల దాకా మిగులు, చూస్తే అందులో దాదాపు అంతా గడ్డే. అంటే మనం వేసిన పాళ్లు ఒకటి, పిల్ల కడుపులోకి వెళ్లిన పాళ్లు ఇంకొకటి. బలమైన పిల్ల చెక్క ఎక్కువ తిని, వెనకపడ్డ పిల్లకు గడ్డే మిగులుతోంది. ఆ గుంపులో పెద్దా చిన్నా తేడా వారం వారం పెరగడం తూకాల పుస్తకంలో స్పష్టంగా కనిపిస్తోంది.

గుళికలు తిన్నవి నీళ్లు బాగా తాగుతున్నాయి. ఎండాకాలంలో తలకు రోజుకు 2 లీటర్ల దాకా లెక్క వేసుకోవాలి. తొట్టి నీడలో ఉండాలి. మధ్యాహ్నం కాగిన నీళ్లను పిల్ల ముట్టదు, నీళ్లు ముట్టని పిల్ల ఎండు గుళికనూ ముట్టదు.

మే మొదటి వారం

గుళికల్లో గడ్డి ఎంత సన్నగా ఉండాలన్నది ఈ నెల పని. మొదటి విడత గడ్డిని 4 మిల్లీమీటర్ల జల్లెడతో ఆడించాం. గుళిక నున్నగా, గట్టిగా వచ్చింది, కింద పడేసినా విరగలేదు. చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ పాకలో కూర్చుని గమనిస్తే పిల్లలు నెమరు వేసేది తగ్గింది. రెండు పిల్లలు గుంజల బెరడు కొరుకుతున్నాయి, ఒకటి పక్కదాని బొచ్చు లాగుతోంది. మేనల్లుడు ఫోన్లోనే కారణం చెప్పాడు: పొడుగు నార కడుపులో లేకపోతే నెమరు తగ్గుతుంది, నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది, లాలాజలం తగ్గితే కడుపులో పులుపు పెరుగుతుంది. పైగా మరీ సన్నటి గడ్డి పెద్ద పొట్టలో నిలవకుండా తొందరగా జారిపోతుంది, సూక్ష్మజీవులకు దాన్ని జీర్ణం చేసే టైము దొరకదు.

రెండో విడత 10 మిల్లీమీటర్ల జల్లెడతో ఆడించాం. గుళిక కాస్త గరుకు, చివర్లు పోగులు పోగులు, సంచి అడుగున పొడి కొంచెం ఎక్కువ. అయినా పిల్లలు మధ్యాహ్నం నీడలో పడుకుని స్థిమితంగా నెమరు వేస్తున్నాయి. గుళికతోపాటు సాయంత్రం తలకు గుప్పెడు సుబాబుల్ రెమ్మలు, పొడుగు గడ్డి కూడా వేస్తున్నాం. బెరడు కొరకడం ఆగింది.

కొనేవాళ్లు గుళిక నునుపు చూసి మెచ్చుకుంటారు. నా అభిప్రాయంలో గొర్రె దాణాలో నునుపుకు విలువ లేదు. చేత్తో విరిస్తే లోపల గడ్డి పోగు కంటికి కనిపించాలి.

మే నెలాఖరు

సాయంత్రాలు ఉరుములతో వానలు పడుతున్నాయి. పాత సంచుల్లో అడుగున ఉన్న ఒకదానిలో గుళికలు మెత్తబడ్డాయి. బెల్లం గాలిలో తేమను పీల్చుకుంటుంది, దానికి ఈ వాతావరణం తోడైంది. ఆ సంచిని పూర్తిగా ఎరువు గుంటలో వేశాం. వేరుశనగ చెక్క, మొక్కజొన్న ఉన్న దాణాకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం ఉంటుంది. ఎండబెట్టినా ఆ విషం పోదు. సంచి ధర చూసుకుని పిల్లలకు పెట్టే పని కాదది. ఇకమీదట మూడు వారాలకు సరిపడా మాత్రమే ఆడించుకుంటాం. గడ్డిని మాత్రం ఎంతైనా నిల్వ పెట్టుకోవచ్చు, కుప్ప పైన కప్పు సరిగ్గా ఉంటే చాలు.

జూన్ మొదటి వారం

తూకాలు పూర్తయ్యాయి. గుళికల గుంపు రోజుకు సగటున 85 గ్రాములు పెరిగింది. గుండ గుంపు 70. మేతకు మాత్రమే వెళ్లిన పిల్లలు 40 దగ్గర. మా పాక, మా 20 పిల్లలు, ఈ ఎండాకాలం, అంతవరకే ఈ అంకెలు.

డబ్బు లెక్క జాగ్రత్తగా వేయాలి. దాణా సరుకులకు మాకు కిలోకు 20 రూపాయలు పడింది, అందులో 8 రూపాయలు వేరుశనగ చెక్కకే. గడ్డి, పొట్టు కలిపి దాణాలో 45 శాతం ఉన్నా ఖర్చులో రెండున్నర రూపాయలు మించలేదు. ఆడించడానికి రూపాయి, గుళిక కట్టడానికి డై అరుగుదలతో సహా ఇంకో రెండున్నర. అంటే గుండ కిలో 21, గుళికలు 23.50.

చాలామంది 450 గ్రాముల దాణాను 85 గ్రాముల పెరుగుదలతో భాగించి, 5 కిలోల పైచిలుకు దాణాకే కిలో బరువు వచ్చిందని చెప్పుకుంటారు. ఆ 85లో 40 గ్రాములు మేత వల్ల ఎలాగూ వచ్చేవే. దాణా తెచ్చింది 45 గ్రాములే. ఆ లెక్కన ఒక అదనపు కిలోకు 10 కిలోల గుళికలు, 235 రూపాయలు. గుండ గుంపులో దాణా తెచ్చింది 30 గ్రాములు, అదనపు కిలోకు ఖర్చు 310 దాటింది. గుళిక కట్టడానికి పెట్టిన రెండున్నర రూపాయలు అక్కడ తిరిగి వచ్చాయి. బతికున్న గొర్రె కిలో ధర ఈ రెండు అంకెలకంటే పైనే ఉంది కాబట్టి రెండూ గిట్టుతాయి, కానీ మొదటిదానిలో కాపరికి మిగిలేది చెప్పుకోదగ్గ సొమ్ము.

లెక్కంతా తాతకు చదివి వినిపించాను. ఆయన అంకెలు పెద్దగా పట్టించుకోలేదు. లేచి గుళికల గుంపులోని పిల్లల నడుం మీద చెయ్యి వేసి, వెన్నుపూసకు రెండు పక్కలా కండ తడిమి చూశాడు. "ఈడికి ఈడు పిల్లలే గానీ ఇయ్యి నిండుగున్నాయి బాబూ. ఆడపిల్లలికి ఎక్కువ పెట్టాల. అయ్యే రేపు మందయ్యేది." నాకు తట్టని మాట అది. నేను అమ్మే పొట్టేళ్ల బరువు గురించే ఆలోచిస్తున్నాను. ఆడపిల్ల ఎండాకాలంలో వెనకపడకపోతే ముందే ఎదకు వస్తుంది, మొదటి ఈత తొందరగా వస్తుంది. ఆ లాభం కాటా మీద ఇప్పుడే కనిపించదు.

జూన్ మూడో వారం

వానలు మొదలయ్యాయి, గట్ల మీద పచ్చిక లేస్తోంది. గుళికలు ఆపేశాం, అదీ ఒక్కసారిగా కాకుండా వారం పాటు తగ్గించుకుంటూ. లేతపచ్చిక మీద పిల్లలు విరగబడితే కడుపు ఉబ్బరం, పారుడు వస్తాయి కాబట్టి పొద్దున్న వదిలే ముందు కొంచెం ఎండుగడ్డి వేస్తున్నాం.

వచ్చే ఎండాకాలానికి పాళ్లు మార్చాలి. చెక్క 16 నుంచి 12కు తగ్గించి, మినుము పొట్టు పెంచి, సుబాబుల్ ఎండుటాకు 10 పాళ్లు కలపాలని ఉంది. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది కాబట్టి అంతకు మించి వేయడం లేదు. ఆడపిల్లలను విడిగా ఒక గుంపు చేసి, మొదటి ఈత దాకా వాటి లెక్క రాయాలి. కాపరులు నలుగురు కలిసి 8 మిల్లీమీటర్ల డై ఇంకొకటి కొనడానికి ఒప్పుకున్నారు. మిషను కిరాయి గంటల లెక్కన కాకుండా దిగిన గుళికల బస్తా లెక్కన ఇస్తామని కోళ్ల ఫారం మిత్రుడితో మాట్లాడాలి. మినుము పొట్టు కోసం ఊళ్లో రైతులకు డిసెంబరులోనే అడ్వాన్సు ఇవ్వాలి, లేకపోతే నూర్చిన చోటే వదిలేస్తారు, వానకు తడిసి పోతుంది.